శంకరప్ప పతకం

పతకం సంగతి రెడ్డెమ్మ చెవిన మొదట వేసింది బరాకానే. ఒక ఆదివారం పొద్దున ఆమె మిద్దె మీద రాగులు ఆరబోస్తుంటే ఢిల్లీ నుంచి ఫోను చేశాడు.

"అమ్మా, బాగుండావా? మోకాళ్ల నొప్పి ఎట్లుండాది?"

గొంతు ఒక్కటే వింటే పుంగనూరు చుట్టుపక్కల పల్లె పిల్లవాడే అనుకుంటారు ఎవరైనా. కానీ బరాకాది తూర్పు ఆఫ్రికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న ఒక చిన్న దేశం. మదనపల్లె దగ్గర ఇంజినీరింగు కాలేజీలో చదువుకుని వెళ్లి, అక్కడి విదేశాంగ శాఖలో ఉద్యోగం సంపాదించి, ఇప్పుడు ఢిల్లీలో వాళ్ల ఎంబసీకి చిన్న ఆఫీసరుగా తిరిగివచ్చాడు. వచ్చినప్పటి నుంచి వారం తప్పకుండా ఫోను చేస్తున్నాడు.

"నా మోకాళ్లకేమిలే. నువ్వు సెప్పు, ఆడ సలి తగ్గిందా?"

"తగ్గిందిలేమ్మా. ఒక సంగతి సెప్పాలని చేసినా. ముందు కూచో."

కూర్చోవడానికి అక్కడేమీ లేదు. రెడ్డెమ్మ పిట్టగోడకు ఆనుకుంది.

"మా దేశం ప్రతి యేడూ బయటి దేశాలోళ్లకు ఒక పతకం ఇస్తాదమ్మా. మా ప్రెసిడెంటే సంతకం పెట్టి ఇస్తాడు. రెండు దేశాల నడాన స్నేహం పెరిగేదానికి ఎవురు మేలు చేసింటే వాళ్లకు. మైత్రీ పతకం అనుకో. ఈసారి ఇండియా నుంచి ఒక పేరు పంపమన్నారు. నేను అప్ప పేరు రాసి పెట్టినా."

వాడు అప్ప అని పిలిచే ఆమె భర్త శంకరప్ప పోయి అయిదేళ్లు దాటింది.

"పోయినోళ్లకు గూడా ఇస్తారా నాయనా?"

"ఇస్తారు. అప్ప బదులు నువ్వు తీసుకోవాల. మా రాయబారమ్మ వచ్చి నీ సేతికిస్తాది. ఆ దినాల ఫోటోలు నీ దగ్గర ఉండాయి కదా, అన్నీ పంపు. అప్ప సంగటి పెడతాండే ఫోటో మర్సిపోబాకు."

ఫోను పెట్టేశాక రెడ్డెమ్మ అట్లాగే నిలబడిపోయింది. పిచ్చుకలు వచ్చి రాగుల మీద వాలినా తోలలేదు. శంకరప్ప పేరు ఎక్కడో సముద్రాల అవతల ఒక దేశపు అధ్యక్షుడి బల్ల మీద ఉందన్న మాట ఆమె తలకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

శంకరప్పకు సొంత టెంపో ఉండేది. పుంగనూరు చుట్టూ రైతులు కోసిన టమాటా పొద్దున్నే మదనపల్లె మార్కెట్టుకు తోలి, ఎండెక్కాక ఖాళీ బాక్సులతో తిరిగివచ్చేవాడు. కరోనా వచ్చి దేశమంతా తలుపులు వేసుకున్న కొత్తలో కూరగాయల బండ్లకు మాత్రం తిరిగే అనుమతి ఉండేది. అట్లా ఒకరోజు తిరిగివస్తూ, కాలేజీ ముందర రోడ్డు వారన పెట్టెల మీద కూర్చున్న ఆఫ్రికా పిల్లల్ని చూశాడు. హాస్టలు ఖాళీ చేయాలని కాలేజీ కరెస్పాండెంటు మునిరత్నం ముందురోజే గేటుకు తాళం వేయించాడు. తెలుగు పిల్లలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. వీళ్లు పోవడానికి విమానాలు లేవు. ఊళ్లో గది అడిగితే వీళ్లే జబ్బు మోసుకొచ్చారన్నట్టు జనం మొహాన తలుపులు వేశారు.

శంకరప్ప బండి దిగి, "యాడికి పోవాలప్పా?" అని తెలుగులోనే అడిగాడు. ఎవరికీ అర్థం కాలేదు. టెంపో వెనక తలుపు దించి, ఎక్కమని చెయ్యి చూపించాడు. ఎక్కితే ఎక్కడికి తీసుకుపోతాడోనని పిల్లలు జంకారు. మొదట ఎక్కింది బరాకా. వాణ్ని చూసి మిగతావాళ్లు ఎక్కారు. టమాటా బాక్సుల మధ్య, టార్పాలిను కింద ముడుచుకుని కూర్చుని పుంగనూరు చేరారు.

వాకిట్లో బండి ఆగి టార్పాలిను తీసేసరికి రెడ్డెమ్మ చేతిలో చాట అట్లాగే ఉండిపోయింది.

"ఏందిది?" అంది మొగుడితో.

"పిల్లోళ్లు. మిద్దె మింద రూములు ఖాళీగా ఉండాయి కదా," అన్నాడు శంకరప్ప, అమ్ముడుపోని టమాటా వెనక్కి తెచ్చినంత మామూలుగా.

రెడ్డెమ్మ మంచి మనసుతో తలుపు తీసిందని చెప్పడానికి లేదు. రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. వీధివాళ్లు గుమిగూడి అరిచినప్పుడు ఆమె వాళ్ల పక్షానే ఉంది లోలోపల. పోలీసులు వస్తే శంకరప్ప గడపలో నిలబడి, "వీళ్లను ఈడి నుంచి పంపించాలంటే యాడికి పంపిస్తారో ముందు నాకు సెప్పండి సార్" అన్నాడు. వాళ్లు పిల్లల పేర్లు రాసుకుని వెళ్లిపోయారు. మూడోరోజు ఆమె సంగటి కెలికి, ముద్దలు చేసి పైకి పంపింది. గిన్నె ఖాళీగా కిందికి వచ్చింది. తమ ఊళ్లోనూ మొక్కజొన్న పిండితో ఇట్లాగే ముద్ద చేసి చేత్తోనే తింటామని బరాకా సైగలతో చెప్పాడు. ఆరోజు నుంచి ఆమె కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

బరాకాకు తెలుగు తొందరగా పట్టుబడింది. టెంపోలో శంకరప్ప పక్కన కూర్చుని మార్కెట్టుకు పోయేవాడు, బాక్సులు దించేవాడు. శంకరప్ప వాణ్ని బరకప్ప అని పిలిచేవాడు. మార్కెట్లో హమాలీలకు కూడా అదే పేరు అలవాటైంది.

ఆగస్టులో బరాకాకు జ్వరం తగిలింది. రెండు రోజుల్లో ఊపిరి ఆడని స్థితికి వచ్చాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే ఇదిగో అదిగో అన్నారు. శంకరప్ప వాణ్ని భుజాన వేసుకుని టెంపో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో వాణ్ని పట్టుకుని ఇంకో చేత్తో బండి తోలుకుంటూ మదనపల్లె ఆస్పత్రికి చేర్చాడు. బరాకా బతికాడు. అదే ఆస్పత్రిలో, అదే నెలలో శంకరప్ప పోయాడు. శవాన్ని ఇంటికి కూడా ఇవ్వలేదు. దినాల రోజు కర్మ చేయడానికి అన్నదమ్ముల పిల్లలు భయపడి రాకపోతే, బరాకా పోయి గుండు గీయించుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అయ్యవారు ఎగాదిగా చూస్తే, "అప్పకు కొడుకులు లేరు. నేనుండాను" అన్నాడు.

అందుకే, పతకం మాట వాడి నోట విన్నాక రెడ్డెమ్మకు ఏ అనుమానమూ రాలేదు.

అనుమానం వచ్చింది కూతురికి. దీపిక పలమనేరులో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. ఫోటోలు పంపించేటప్పుడే, "ఇచ్చేదాకా ఎవురికీ సెప్పొద్దుమా" అంది. కానీ రెడ్డెమ్మ నోరు ఆగలేదు. చిల్లరంగడి రాములమ్మకు చెప్పింది. పాలు పోసే ఆయనకు చెప్పింది. ఒకప్పుడు ఇంటిముందు గుమిగూడి అరిచిన వాళ్లను పిలిచి మరీ చెప్పింది. "మా ఆయప్పకు వేరే దేశమోళ్లు పతకం ఇస్తాండారు" అనేటప్పుడు ఆమె మొహంలో ఏదో గెలిచిన కళ కనిపించేది.

మార్చి దాటాక బరాకా ఫోన్లు పలచబడ్డాయి. చేసినా, పతకం మాట ఎత్తితే "పని జరుగుతాండాదిమ్మా" అని ముక్తసరిగా తేల్చేవాడు. రెడ్డెమ్మ పని ఒత్తిడి అనుకుంది. ఏప్రిల్‌లో కాలేజీ నుంచి ఒక మనిషి వచ్చి, కుప్పంలో సభ అని, కారు పంపిస్తామని చెప్పిపోయాడు. కుప్పంలో మునిరత్నం కొత్తగా ఇంకో కాలేజీ కట్టాడు. అక్కడే సభ అట. ఆ మాట వినగానే ఆమె బరాకాకు ఫోను చేసింది.

"ఆ గేటుకు తాళమేసినాయప్ప కాలేజీలోనా?"

"పెద్ద హాలు కావాల కదమ్మా. రాయబారి వస్తాది, మంత్రులొస్తారు. నువ్వేమీ మనసులో పెట్టుకోబాకు. నా కోసం రా."

"నీ కోసం ఏంది, మీ అప్ప కోసం వస్తాను," అని నవ్వింది రెడ్డెమ్మ.

సభ రోజు ఆమె కొత్త పట్టుచీర కట్టుకుంది. శంకరప్ప ఉన్నప్పుడు మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం దగ్గరే కొనిపెట్టిన చీర అది. కట్టే సందర్భం రాక పెట్టెలోనే ఉండిపోయింది. దారిలో పలమనేరులో దీపిక కారెక్కింది. అడవి మలుపులు దిగి కుప్పం చేరేసరికి పదకొండు కావస్తోంది.

కాలేజీ గేటు నిండా మునిరత్నం ఫ్లెక్సీలు. దండలు, రెండు దేశాల జెండాలు. ఆతిథ్యం ఇచ్చేవాడు కదా, ఉంటాయిలే అనుకుంది రెడ్డెమ్మ. హాల్లో ఆమెను ముందు వరసలో ఒక చివరన కూర్చోబెట్టారు. వేదిక వెనక పెద్ద బ్యానరు మీద రాత ఇంగ్లీషులో ఉంది. దీపిక దాన్ని చదివి తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, లెయ్యి. ఇంటికి పోదాం."

"యాల? ఇప్పుడే కదా వచ్చినాము."

"పతకం నాయనకు కాదుమా. మునిరత్నానికి. ఆడ రాసుండాది."

రెడ్డెమ్మ కూతురి మొహంలోకి చూసింది. "నువ్వు సరిగ్గా సదవలేదు. బరకప్ప నాతో సెప్పినాడు."

"బరాకాను సూడు. మన పక్క సూస్తాండాడేమో సూడు."

బరాకా వేదిక మీద, రాయబారి కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. నల్ల సూటు వేసుకున్నాడు. హాలంతా చూస్తున్నాడు, వెనక వరసలు చూస్తున్నాడు, తలుపు దగ్గర జనాన్ని చూస్తున్నాడు. ముందు వరసలో ఈ చివర మాత్రం వాడి కళ్లకు ఆనడం లేదు. రెడ్డెమ్మ చెయ్యి కొంచెం పైకెత్తింది. వాడు తల దించుకుని చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు.

దీపాలు ఆర్పి తెర మీద వీడియో వేశారు. కరోనా రోజుల్లో విదేశీ విద్యార్థులను కన్నబిడ్డల్లా కాపాడిన విద్యాసంస్థ అని ఒక ఆడగొంతు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చెబుతోంది. మునిరత్నం మాస్కు వేసుకుని ఎవరికో పండ్లు ఇస్తున్న ఫోటో వచ్చింది. ఆ తర్వాత రెడ్డెమ్మ పంపిన ఫోటోలు. తన మిద్దె, తన వాకిలి, తాను ఉతికి ఆరేసిన దుప్పట్లు. అవన్నీ కాలేజీ హాస్టలు అయిపోయాయి. చివరికి శంకరప్ప వచ్చాడు. లుంగీ పైకి కట్టుకుని, పెద్ద గిన్నె ముందు వంగి, పళ్లెంలో సంగటి ముద్ద వేస్తూ నవ్వుతున్నాడు. మనిషి అంత పెద్దగా తెర నిండా కనిపించేసరికి ఆమె కుర్చీలో ముందుకు జరిగింది.

"ప్రాణాలకు తెగించి పనిచేసిన మన కాలేజీ మెస్ సిబ్బంది," అంది ఆ గొంతు.

రెడ్డెమ్మకు మొదట ఆ మాట శంకరప్ప గురించి అని తట్టలేదు.

పతకం ఇచ్చారు. రాయబారి నిలువెత్తు మనిషి, మంచి నవ్వు మొహం. ఆమె మునిరత్నం మెడలో రిబ్బను వేస్తుంటే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. రెడ్డెమ్మ లేవలేదు. చప్పట్లు సద్దుమణిగాక మైకు పట్టుకున్న అమ్మాయి, "ఆనాడు మన కాలేజీ మెస్సులో సేవలందించిన కీర్తిశేషులు శంకరప్ప గారి సతీమణి ఇప్పుడు కరెస్పాండెంట్ గారిని శాలువాతో సత్కరిస్తారు" అంది. ఎవరో వచ్చి రెడ్డెమ్మ చేతిలో శాలువా పెట్టారు.

"పోవద్దుమా," అంది దీపిక.

"పోతాను," అంది రెడ్డెమ్మ.

మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్లు నొప్పి అనిపించలేదు. మునిరత్నం వంగి మెడ చాచాడు. ఆమె శాలువా కప్పకుండా మడత మీదే చేత్తో పట్టుకుని నిలబడింది. ఆ కాస్త ఇబ్బందిని కప్పిపుచ్చడానికన్నట్టు మైకు అమ్మాయి, "రెండు మాటలు చెప్పమ్మా" అని మైకు ముందుకు చాచింది. రెడ్డెమ్మ ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు. అయినా అందుకుంది.

"శంకరప్ప మా ఇంటాయన. ఆయప్ప యా కాలేజీలోనూ పని సేయలేదు. సొంత టెంపో తోలుకున్న్యాడు. ఈయన హాస్టలు గేటుకు తాళమేసి పిల్లోళ్లను రోడ్డు మింద పెడితే, పుంగనూరికి పిలుసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్న్యాడు. ఒక పిల్లోణ్ని ఆస్పత్రికి తీసకపోయి ఆ జబ్బుతోనే సచ్చిపోయినాడు. ఆ పిల్లోడు ఈడనే ఉండాడు. కావాలంటే వాణ్నే అడగండి."

అక్కడున్న లెక్చరర్లకు, పిల్లలకు, ఊరి పెద్దలకు, అందరికీ తెలుగు వచ్చు. అర్థం కానిది ఒక్క రాయబారికే. ఆమె వెనక్కి తిరిగి బరాకాను ఏదో అడిగింది. ఏమంటోంది ఈవిడ అని అడిగి ఉంటుంది.

అప్పుడు బరాకా రెడ్డెమ్మ వైపు చూశాడు, ఆ రోజు మొదటిసారి. ఆమెకు ఆ చూపులో తన బరకప్పే కనిపించాడు. ఇంక పరవాలేదు, వాడు చెబుతాడు అనుకుంది. వాడు రాయబారి వైపు వంగి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాడు. మైకు దగ్గరగా ఉండడం వల్ల ఆ మాటలు హాలంతా వినిపించాయి.

రాయబారి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు అడుగుల్లో వచ్చి రెడ్డెమ్మను గట్టిగా కావలించుకుంది. వేదిక మీద ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఒక్క క్షణం తటపటాయించి హాలంతా అందుకుంది. రాయబారి భుజం మీది నుంచి రెడ్డెమ్మ ఆ చప్పట్లు కొట్టే చేతుల్ని చూసింది. తాను చెప్పింది విన్నవాళ్లే, అర్థమైనవాళ్లే అందరూ. ఆమె చేతిలోని శాలువాను మునిరత్నమే తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

కిందికి దిగాక దీపికను అడిగింది. "వాడేమి సెప్పినాడు?"

దీపిక ఫోనులో అంతా తీసింది. మళ్లీ పెట్టి వినాల్సిన పని లేకుండానే చెప్పింది. "'ఈ కాలేజీలో సేవ చేసినందుకు తన భర్త ఎంతో గర్వపడేవాడని అంటాండాది. ఇంత గౌరవం ఇచ్చినందుకు కరెస్పాండెంటు గారికి జన్మంతా రుణపడి ఉంటానంటాండాది.' అట్ల సెప్పినాడుమా."

భోజనాల దగ్గర అందరూ మూగారు. బరాకా ఆమెను వెతుక్కుంటూ బయటికి వచ్చాడు. కాలేజీ బస్సులు నిలిపే చోట, ఒక బస్సు నీడన నిలబడి ఉంది.

"అమ్మా, ముందే సెప్పాలనుకున్న్యా. సెప్పలేకపోయినా."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మార్చిలో. నేను అప్ప పేరే రాసినా, ఒట్టు. మునిరత్నం మా మినిస్టరు దగ్గరికి పోయినాడు. ప్రతి యేడూ మా దేశం పిల్లోళ్లకు నలభై సీట్లు ఫీజు లేకుండా ఇస్తానన్న్యాడు, ఈ కాలేజీలో. పతకం ఆయనకిస్తేనే. మళ్లీ రాయమన్నారు. నేను కాదంటే ఇంకొకడు రాస్తాడు."

"అంటే, ఇదంతా నువ్వే రాసినావు. మెస్సులో వంటోడని నువ్వే రాసినావు."

బరాకా సూటు గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"సీట్లు ఇప్పించుకోరాదూ, ఎవురొద్దన్న్యారు? పతకం గూడా ఆయప్పకే ఇచ్చుకోండి. మాకేమైనా అది కావాలని అడిగినామా? మీ అప్పను ఆయప్ప జీతగాణ్ని యాల సేసినావు?"

"ఫోటోలో అప్ప ఉండాడు కదమ్మా. ఎవురని సెప్పాల? తీసేద్దామన్నారు వాళ్లు. నేనే ఉండనీ అని పట్టుబట్టినా. ఎట్లైనా అప్ప మొగం అందురూ సూస్తారని."

వాడు నిజమే చెబుతున్నాడని ఆమెకు తెలిసింది. అది ఇంకా బాధగా ఉంది. వాడు ఏడుస్తున్నాడు. ఒకప్పుడైతే కొంగుతో తుడిచేది.

"ఆ దినం ఫోనులో అడిగితే నీ కోసం రమ్మంటివి. నేను నవ్వితిని," అంది. "నేను నీ మొగం సూసి మైకులో సెప్పినా. వీడుండాడు, సెప్తాడు అని. నీకు నోరు రాలేదంటే సరే. ఊరకుండింటే సరిపోయుండు. నా మాట మార్సి, నా నోట్లో ఆ మాట యాల పెట్టినావు?"

బరాకా ఏదో అనబోయాడు. లోపలి నుంచి ఎవరో ఇంగ్లీషులో కేక వేశారు. వాడు వెనక్కి చూసి, మళ్లీ ఆమెను చూసి, "ఇప్పుడే వస్తానమ్మా" అని లోపలికి పోయాడు. ఆమె ఆగలేదు. కాలేజీ కారు వద్దని దీపికతో కలిసి ఆటోలో కుప్పం బస్టాండుకు పోయి పలమనేరు బస్సెక్కింది.

పుంగనూరులో వీధివాళ్లు ఎదురుచూస్తున్నారు. పతకం ఏదని రాములమ్మ అడిగింది. "మనకు కాదు, వేరేవాళ్లకంట," అంది రెడ్డెమ్మ. అంతకు మించి చెప్పలేదు. కానీ మర్నాడు పేపర్లో సభ వార్త వచ్చింది. దాంట్లో శంకరప్ప పేరు పక్కన మెస్ వర్కర్ అని ఉంది. పొద్దెక్కే లోపల వీధంతా చదివింది. "మీ ఆయన కాలేజీలో ఎప్పుడు పనిచేసినాడు రెడ్డెమ్మా?" అని ఒకాయన నిజంగానే తెలియక అడిగాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

దీపిక ఊరుకోలేదు. తల్లి మాటలు, కింద బరాకా చెప్పిన ఇంగ్లీషు మాటలు, దాని తెలుగు అర్థం పెట్టి వీడియోను ఫేస్‌బుక్‌లో వేసింది. రెండు రోజుల్లో అది మదనపల్లె నుంచి కుప్పం దాకా ఫోన్లన్నింటిలో తిరిగింది. ఆ లాక్‌డౌన్‌లో గేటు తాళం సంగతి గుర్తున్నవాళ్లు కొందరు కింద రాశారు. మార్కెట్లో హమాలీ మునెప్ప, తాను శంకరప్పను, బరకప్పను ఒకే బండిలో చూశానని తనే ఒక వీడియో తీసి పెట్టాడు. మునిరత్నం మాత్రం ఏమీ జరగనట్టే మెడలో పతకంతో ఊరేగింపు చేయించుకున్నాడు.

నాలుగోరోజు బరాకా ఫోను చేశాడు. రెడ్డెమ్మ ఎత్తింది.

"అమ్మా, ఆ వీడియో ఢిల్లీకి వచ్చింది. రాయబారి సూసింది. నన్ను పిలిచి అడిగింది. తెలుగు తెలిసినోళ్లతో మళ్లీ సెప్పిస్తానంటాండాది. నేను తప్పుగా సెప్పినానని తేలితే నా ఉద్యోగం పోతాదమ్మా. నా మింద మా ఇంట్లో అందురూ ఆధారపడి ఉండారు. దీపికకు సెప్పు. తీసెయ్యమను. అది లేకుంటే ఈ మాట ఇంక ఎవురూ ఎత్తరు."

"నువ్వు నిజమే సెప్పొచ్చు కదా, ఇప్పుడైనా? తప్పు సేసినానని."

"సెప్పలేనమ్మా" అన్నాడు.

దీపిక పక్కనే ఉంది. తీయనని ముందే చెప్పింది. ఆ రోజంతా తల్లీకూతుళ్లకు దాని మీదే మాటలు నడిచాయి. "వాడు నాయన పేరు చెడగొట్టినాడు, వాడి పేరు పోతే నీకెందుకమ్మా" అంటుంది దీపిక. రెడ్డెమ్మకు కూడా వాడి ఉద్యోగం పోవాలనే ఉంది. అది ఆమె దాచుకోలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ చప్పట్లే చెవిలో పడుతున్నాయి. కానీ శంకరప్ప వాణ్ని భుజాన వేసుకుని వాకిలి దాటడం కూడా ఆమె కళ్లారా చూసింది. ఆ మోసుకుపోవడానికి ఆయన ప్రాణమే పోయింది. ఇప్పుడు వాణ్ని తానే కింద పడేస్తే, ఆయన చేసిన పనిలో ఏమైనా మిగులుతుందా అనిపించింది. సాయంత్రానికి వీడియో తీయించింది. దీపిక ఏడుస్తూ తీసింది.

తర్వాత రెడ్డెమ్మే బరాకాకు ఫోను చేసింది. వాడు ఎత్తగానే, "అమ్మా" అన్నాడు.

"తీపిచ్చినా. నీ కోసం అనుకోబాకు. ఆయప్ప నిన్ను బతికించుకున్న్యాడు. ఆయప్ప సేసింది నేను సెరపను. అంతే."

"అమ్మా, నేను..."

"ఇంక ఆ మాటతో పిలవబాకు. ఫోను గూడా సేయబాకు."

వాడు ఏడుస్తాడని, బతిమాలతాడని అనుకుంది. బతిమాలితే తన మనసు ఎటు పోతుందోనని భయపడింది కూడా. బరాకా పేపర్లో భాషలాంటి తెలుగులో, "అలాగేనండీ. చాలా కృతజ్ఞతలు" అన్నాడు. అట్లాంటి తెలుగు వాడు ఎప్పుడు నేర్చుకున్నాడో ఆమెకు తెలియదు. ఫోను పెట్టేశాక, అంతవరకూ రాని ఏడుపు వచ్చింది.

ఆ వర్షాకాలం కుప్పం కాలేజీకి ఆ దేశం నుంచి పిల్లలు వచ్చారు. నలభై మంది కాదు. ఫీజు లేని సీట్లు ఆరో ఏడో ఇచ్చి, తక్కినవి వచ్చే యేడు చూద్దామన్నాడట మునిరత్నం. దీపిక బ్యాంకులో విని వచ్చి చెప్పింది. రెడ్డెమ్మకు సంతోషమూ కలగలేదు, అయ్యో అనీ అనిపించలేదు. బరాకా ఢిల్లీలోనే ఉన్నాడో, వేరే దేశానికి పోయాడో ఆమె కనుక్కోలేదు. మిద్దె మీది గదులు ఒక టీచరు కుటుంబానికి బాడుగకు ఇచ్చేసింది.

సెప్టెంబరులో ఒకరోజు ఆమె పుంగనూరు బస్టాండులో గుర్రంకొండ బస్సు కోసం నిలబడి ఉంది. ఇద్దరు ఆఫ్రికా పిల్లలు, ఇంకా మీసాలు సరిగా రానివాళ్లు, భుజాన సంచులతో ఒక్కో బస్సు బోర్డునూ చూసుకుంటూ తిరుగుతున్నారు. ఎవరూ వాళ్లకు జవాబు చెప్పడం లేదు. ఒకడు రెడ్డెమ్మ దగ్గరికి వచ్చి, "కుప్పం?" అన్నాడు. ఇంకో మాట వాడికి తెలిసినట్టు లేదు.

ఆమె వాడి మొహం చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. పలమనేరు బస్సు వైపు చెయ్యి చూపి, "అది. పలమనేరులో దిగి మారాల," అంది. వాడికి అర్థం కాలేదు. ఆమె కండక్టరును పిలిచి చెప్పింది. పిల్లలు ఎక్కారు. కిటికీలోంచి ఒకడు ఆమెకు చెయ్యి ఊపాడు. ఆమె తన బస్సు వస్తుందేమోనని అటు చూస్తున్నట్టు నిలబడింది.

గుర్రంకొండలో పని చూసుకుని ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, ఆ పిల్లలు ఎప్పుడు తిన్నారో ఏమో, అడగనైనా అడగలేదే అని గుర్తొచ్చింది. అది ఆమెను చాలా రోజులు వదలలేదు.